చింతపండుకి ధ్రువపత్రం

మాది వాడుకలో లేని వంతెనల సంరక్షణ శాఖ. వాడుకలో ఉన్న వంతెనలు వేరే శాఖ కిందికి వస్తాయి. వాటికి గుంటలు పడతాయి, జనం తిడతారు, పేపర్లో ఫొటోలు వస్తాయి. మా వంతెనల మీద ఎవరూ నడవరు కనక మా మీద ఫిర్యాదులు లేవు. నేను కూడా ఒక రకంగా వాడుకలో లేని వంతెననే. ఈ పోలిక నాకు ఉద్యోగంలో చేరిన మొదటిరోజే తట్టింది. అప్పట్నుంచి ఎవరికైనా చెప్పాలని చూస్తున్నాను, వినేవాళ్లు దొరకలేదు.

నా పేరు భీమశంకరం. సీనియర్ అసిస్టెంటుని. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదో మనస్తత్వ శాస్త్రం పుస్తకాల్లో వెతుకుతుంటాను. ఒక్కో పుస్తకంలో ఒక్కో కారణం దొరుకుతుంది. అన్నీ నాకు సరిపోతాయి.

రోజు మొత్తంలో నేను మనిషిగా ఉండేది మధ్యాహ్నం భోజనాల వేళ. అకౌంట్స్ సెక్షన్ హైమవతి గారు, నేను కిటికీ పక్క బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని క్యారియర్లు విప్పుతాం. ఆవిడ దగ్గర ఎప్పుడూ చింతకాయ పచ్చడి ఉంటుంది. పచ్చిమిరపకాయలు వేసి నూరి, ఇంగువ తిరగమోత పెట్టిన పచ్చడి. అడక్కుండానే చెంచాతో తీసి నా అన్నం మీద వేస్తారు. నేను "చాలండి" అంటాను. ఆవిడ ఇంకొంచెం వేస్తారు. ఇన్నేళ్లుగా మా మధ్య జరిగిన సంభాషణ దాదాపు ఇంతే.

ఆ చెంచాడు పచ్చడి కోసమే నేను పొద్దున్నే లేచి గడ్డం గీసుకుంటున్నానని ఒకసారి ఆలోచించి తేల్చుకున్నాను. తేల్చుకున్నాక భయం వేసింది. నా మనసులో ఒక గుమాస్తా ఉన్నాడు. ఏ కోరిక వచ్చినా దాని మీద "పరిశీలనలో ఉంచడమైనది" అని రాసి పక్కన పెడతాడు. నాకు తెలిసి అతను పక్కన పెట్టినవాటిలో ఒక్కదాన్ని కూడా మళ్లీ తియ్యలేదు.

ఇలా ఉండగా మా డైరెక్టర్ త్రివిక్రమరావు గారు సెలవు పెట్టి ఏదో ఆరోగ్య శిబిరానికి వెళ్లొచ్చారు. వెళ్లేటప్పుడు మామూలుగానే ఉన్నారు. వచ్చిన రోజే సమావేశం పెట్టారు.

"మిత్రులారా, మన కార్యాలయంలో ఫైలు ఎందుకు కదలదు?" అని అడిగారు.

"కదిలించేవాళ్లు లేక సార్," అన్నాడు యూనియన్ కార్యదర్శి కొండలరావు.

"కాదు. ఆమ్లం వల్ల. ఒంట్లో ఆమ్లం పెరిగితే చిరాకు వస్తుంది. చిరాకు వల్ల అలసత్వం. అలసత్వం వల్ల పెండింగు. మానవ రక్తం స్వభావరీత్యా క్షారం. మనం రోజూ పులిహోర తిని దాన్ని అవమానిస్తున్నాం."

ముందురోజే ఒకరి పదవీ విరమణ విందులో అందరం కలిసి రక్తాన్ని అవమానించాం.

"ఆ మూల కూర్చున్నాయన్ని చూడండి," అని డైరెక్టర్ గారు నా వైపు చెయ్యి చూపించారు. "ఇంతసేపూ ఒక్క మాట అనలేదు. ఆ ముఖం ఎంత క్షారంగా ఉందో గమనించండి. పైగా బల్ల మీద మనసుకు సంబంధించిన పుస్తకాలు పెట్టుకుంటారు. మనసు ఉండేది పొట్టలోనే. కనక భీమశంకరం గారిని క్షార భోజన కార్యక్రమానికి నోడల్ అధికారిగా నియమిస్తున్నాను."

నా మౌనాన్ని ఇదివరకు మొహమాటం అన్నారు, పొగరు అన్నారు. ఒక పుస్తకమైతే పసితనంలో ఏదో పోగొట్టుకోవడం వల్ల వచ్చిందంది. క్షారం అనడం మాత్రం ఇదే మొదటిసారి. నాకు కాస్త గర్వంగానే అనిపించింది.

నా మొదటి బాధ్యత ఒక పుస్తకం రాయడం. పేరు డైరెక్టర్ గారే పెట్టారు: "బిజీ ఉద్యోగికి సులభ క్షార భోజనాలు". నేను ఇంట్లో చేసుకునేది కుక్కర్లో అన్నం, దాని మీద గిన్నెలో పప్పు. కూర వీధి చివర కర్రీ పాయింటులో కొంటాను. వంటల పుస్తకం రాయడానికి కావలసిన నిర్లిప్తత నాకు పుష్కలంగా ఉందన్నమాట.

శిబిరం వాళ్లు ఇచ్చిన జాబితా ముందు పెట్టుకుని రాశాను. మొదటి వంటకం: కీరదోసకాయను కడిగి, చక్రాలుగా తరిగి తినవలెను. రెండో వంటకం: కీరదోసకాయను కడిగి, నిలువుగా తరిగి తినవలెను. మూడోది, మరీ తొందరలో ఉన్నవారికి: కీరదోసకాయను కడిగి, తరగకుండా తినవలెను. తర్వాత ఆనపకాయ ముక్కలు ఆవిరి మీద, తోటకూర నీళ్లలో, చిలగడదుంప దాని తొక్కలో, బాదం పప్పు నానబెట్టి.

డైరెక్టర్ గారు చదివి మూడో వంటకం దగ్గర ఆగిపోయారు. "ఇది విప్లవాత్మకం," అన్నారు. "కడగడం కూడా తప్పనిసరా అనేది పరిశీలించండి."

చిక్కు అన్నం దగ్గర వచ్చింది. జాబితాలో అన్నం ఆమ్లాల కింద ఉంది. ఆ సంగతి చదివి వినిపించగానే సెక్షన్లో సగం మంది కుర్చీల్లో కూలబడ్డారు. డైరెక్టర్ గారు ఆలోచించి, అన్నాన్ని "అనివార్య ఆమ్లం"గా గుర్తిస్తూ, దాన్ని క్యాజువల్ లీవు లాగా పరిమితంగా వాడుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చారు. మిగిలిపోయిన అన్నాన్ని వచ్చే ఏడాదికి బదలాయించుకునే వీలు లేదని కూడా అందులో ఉంది.

అప్పుడు కొండలరావు లేచాడు.

"సార్, ఇందులో నిమ్మకాయ క్షారమని రాసుంది. నిమ్మకాయ పులుపు కదండీ?"

"పైకి పులుపే. లోపలికి వెళ్లాక క్షారం అవుతుంది."

"చింతపండు కూడా లోపలికే కదండీ వెళ్లేది. వీధిలో నిలబడిపోదు కదా."

డైరెక్టర్ గారు కళ్లజోడు తీశారు. "కొండలరావు గారూ, నిమ్మకాయకి శిబిరంలో ధ్రువపత్రం ఇచ్చారు. చింతపండుకి ఇవ్వలేదు. ధ్రువపత్రం లేని పులుపుని ప్రభుత్వపరంగా మనం గుర్తించలేం."

"మరి ఉసిరికాయ సంగతేంటి సార్?"

"దరఖాస్తు పెట్టుకోమనండి."

మర్నాటి నుంచి నిమ్మకాయ పులిహోర పెరిగింది. చింతపండు పులిహోరకి పైన నిమ్మచెక్క పెట్టి తెచ్చినవాళ్లూ ఉన్నారు. ఎవరు ఏం తింటున్నారో కంటితో చూసి చెప్పడం కష్టమని నేను నోట్ పెట్టాను. పెట్టకుండా ఉండాల్సింది. దాని మీద డైరెక్టర్ గారు పిల్లల సైన్సు సామాన్లు అమ్మే కొట్టు నుంచి లిట్మస్ కాగితాలు తెప్పించారు. నీలం కాగితం పులుపు తగిలితే ఎర్రబడుతుంది. భోజనాలు కాగానే గంట కొడతారు. అందరూ వరసలో నిలబడి నాలుక చాపాలి. అటెండరు సింహాద్రి ఒక్కొక్కరి నాలుక మీద కాగితం ముక్క అంటిస్తాడు. కాగితం నీలంగానే ఉంటే క్షార ఉద్యోగి. ఎర్రబడితే ఆ ఉద్యోగి మర్నాటి నుంచి కార్యాలయ భవనంలో భోజనం చెయ్యకూడదు. సైకిల్ షెడ్డులో వేసిన వేరే బల్ల దగ్గర కూర్చోవాలి. దానికి "ఆమ్ల విభాగం" అని బోర్డు కూడా రాయించారు.

మరి నిమ్మకాయ తిన్నవాళ్ల కాగితం ఎర్రబడితే? అది కాగితం తప్పు అని డైరెక్టర్ గారు తీర్పు చెప్పారు.

నేను ఏం చేశానో చెప్తాను. హైమవతి గారి పచ్చడి మానలేను. షెడ్డుకి వెళ్లలేను. కొండలరావు చెవిలో చెప్పిన ఉపాయం పట్టుకున్నాను. గంట కొట్టగానే చిటికెడు వంటసోడా నాలుక మీద వేసుకుంటే, ఏం తిన్నా కాగితం నీలంగానే ఉంటుంది. ఎదురుగా ఉన్న కిరాణా కొట్టులో సోడా పొట్లాలు అయిపోయి, కొట్టతను మా ఆఫీసులో బజ్జీల పోటీ ఏమన్నా పెట్టారా అని అడిగాడు. అందరూ ఒక చిటికె వేసుకుంటుంటే నేను రెండు వేసుకునేవాణ్ణి. నోడల్ అధికారి పదిమందికీ ఆదర్శంగా ఉండాలి కదా.

కొన్నాళ్లకి గంట మోగగానే నా కుడిచెయ్యి నన్నడక్కుండా చొక్కా జేబులోకి వెళ్లడం మొదలుపెట్టింది. దీనికి శాస్త్రంలో వివరణ ఉంది. కుక్కల మీద ప్రయోగాలు చేసి నిరూపించారు. ఆ పేజీ మొదటిసారి చదివినప్పుడు నేను కుక్కల మీద జాలిపడ్డాను.

సోడా వేసుకోనిది హైమవతి గారొక్కరే.

"నోట్లో సోడా పోసుకోడానికి నేనేమన్నా బజ్జీల పిండినా?" అన్నారు. మొదటిరోజే ఆవిడ కాగితం మందారంలా ఎర్రబడింది. నోడల్ అధికారిగా నేను విచారణ జరపాలి. మా ఇద్దరి మధ్యా పచ్చడి డబ్బా ఉండే బల్ల మీద ఈసారి ఉత్తర్వు పెట్టుకుని కూర్చున్నాను.

"మీరు ఈ రోజు చింతకాయ పచ్చడి తిన్నట్టు అంగీకరిస్తున్నారా?" అని అడిగాను.

"తిన్నానండీ. మీరూ తిన్నారు కదా, నా డబ్బాలోంచే."

"అది... అది వేరే అంశం."

"ఒకే పచ్చడి తింటే మీ నాలుక నీలం, నా నాలుక ఎరుపు. ఏం మహిమండీ మీ నాలుకది?"

"స్వభావరీత్యా కొందరు..." అన్నాను.

ఆవిడ నవ్వారు. నవ్వి, డబ్బా మూత బిగించి సంచిలో పెట్టుకున్నారు. "సరేనండీ భీమశంకరం గారూ. రేపట్నుంచి స్వభావం కలుపుకుని తినండి."

నేను ఉత్తర్వు మీద సంతకం పెట్టాను. చేతిరాత చాలా బాగా వచ్చింది. సిగ్గుపడ్డప్పుడు నా అక్షరాలు గుండ్రంగా వస్తాయని అప్పుడే గమనించాను. ఇంత అవమానంలోనూ గమనించడానికి నాకు తీరిక దొరికింది.

మర్నాడు కిటికీ పక్క బల్ల దగ్గర నేనొక్కణ్ణే కూర్చుని నా సొంత పుస్తకంలోని రెండో వంటకం తిన్నాను. కిటికీలోంచి సైకిల్ షెడ్డు కనిపిస్తుంది. హైమవతి గారు అక్కడ ఒంటరిగా కూర్చుని పేపరు చదువుతూ అన్నం తింటున్నారు. నాకు జాలేసింది. ఎవరి మీదో చాలాసేపు తేల్చుకోలేకపోయాను.

వారం తిరిగేసరికి షెడ్డులో మనుషులు పెరిగారు. మొదట కొండలరావు కావాలని సోడా మానేశాడు. "గురువుగారూ, ఇక్కడ కీరదోసకాయలు నమిలే చప్పుడుకి నా పళ్లు పులుస్తున్నాయి, ఇదేం క్షారమండీ బాబూ," అని నాతో చెప్పి మరీ వెళ్లాడు. తర్వాత డ్రాయింగ్ సెక్షన్ వాళ్లు వెళ్లారు. అక్కణ్నుంచి గోంగూర వాసన, పప్పుచారు వాసన, నవ్వులు కిటికీలోంచి వచ్చేవి. మా క్షార బల్లల దగ్గర అందరం ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా తినేవాళ్లం. డైరెక్టర్ గారు ఆ నిశ్శబ్దాన్ని చూసి, కార్యాలయంలో ప్రశాంతత నెలకొన్నదని పైకి నివేదిక పంపారు.

అటు వెళ్లడానికి నాకు కావలసిన అర్హత ఒక్కటే. నాలుక ఎర్రబడాలి. ఒక్కరోజు ఏదైనా పులుపు తిని సోడా మానేస్తే చాలు. ఎందుకు మానలేకపోతున్నానో ఇంటికెళ్లి పుస్తకాల్లో చూసేవాణ్ణి. అధికారం అంటే భయమని ఒకటి చెప్పింది. సంతోషం అంటే భయమని ఇంకొకటి చెప్పింది. సోడా అంటే ఇష్టమేమో అనే కోణం ఏ పుస్తకంలోనూ లేదు.

నివేదిక చదివి రాజధాని నుంచి కమిషనర్ గారు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. డైరెక్టర్ గారు నన్ను పిలిచారు.

"కమిషనర్ గారి ముందు మొదటి పరీక్ష మీదే. మీ నాలుక మన శాఖ ప్రతిష్ఠ."

ఇంతవరకు నాలోని ఏ భాగం మీదా ఎవరి ప్రతిష్ఠా ఆధారపడలేదు. బయటికొచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాను. షెడ్డులో హైమవతి గారు ఎవరికో పచ్చడి వడ్డిస్తున్నారు. అప్పుడు నాలోని గుమాస్తా ఏమరుపాటున ఉన్నాడనుకుంటాను, ఒక నిర్ణయం బయటికి జారిపోయింది. కమిషనర్ గారి ముందు నా నాలుక ఎర్రగా ఉండాలి. అందరి ముందూ నన్ను షెడ్డుకి పంపించాలి.

తనిఖీ రోజు మధ్యాహ్నం నా క్యారియర్ పట్టుకుని, ఆవరణ దాటి, షెడ్డులోకి వెళ్లాను. అందరూ తలెత్తి చూశారు.

"తనిఖీకి వచ్చారాండీ?" అన్నారు హైమవతి గారు.

"కాదు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "కొంచెం పచ్చడి పెట్టండి."

"అయ్యబాబోయ్! నోడల్ అధికారి గారికి నోరూరిందిరోయ్!" అని కొండలరావు బల్ల చరిచాడు.

ఆవిడ ఒక్క క్షణం నా వంక చూసి, చెంచాతో తీసి నా అన్నం మీద వేశారు. అలవాటు కొద్దీ "చాలండి" అన్నాను. ఈసారి ఆవిడ నిజంగానే ఆపేశారు.

అదే తిన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, మిరపకాయల వల్ల కావచ్చు. చివరి ముద్ద నోట్లో ఉండగానే గంట మోగింది. లేచి, చెయ్యి కడుక్కుని, హాల్లోకి నడిచాను. అంత నిటారుగా నేనెప్పుడూ నడవలేదు. సగం దారిలో నోట్లో ఏదో పొంగింది. నాలుక చిమచిమలాడింది, బుగ్గలు నిండిపోయాయి. ఉద్వేగం అనుకున్నాను. ఇన్నేళ్లకి నాలోంచి ఒక ఉద్వేగం పైకి వస్తోందనీ, దాన్ని అణచకూడదని అన్ని పుస్తకాలూ ఏకగ్రీవంగా చెప్పాయనీ గుర్తుచేసుకుని, అణచకుండా మింగాను.

హాల్లో కమిషనర్ గారు ఎత్తు కుర్చీలో ఉన్నారు. షెడ్డు వాళ్లంతా గుమ్మం దగ్గర నిలబడ్డారు.

"సార్," అన్నాను. "పరీక్షకి ముందు ఒక మాట. నేనిప్పుడే చింతకాయ పచ్చడి తిన్నాను. అందరూ చూశారు."

డైరెక్టర్ గారి ముఖం పాలిపోయింది. సింహాద్రి నా నాలుక మీద కాగితం అంటించి, తీసి, వెలుతురులో పట్టుకున్నాడు.

"నీలమే బాబూ," అన్నాడు.

ఇంకో ముక్క అంటించారు. అదీ నీలమే. అప్పుడు నా కుడిచేతి వేళ్లు చూసుకున్నాను. తెల్లటి పొడి ఉంది. జేబులో పొట్లం ఖాళీగా ఉంది. గంట మోగింది, కడుక్కున్న చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. అడ్డుకోవాల్సిన నేను ఆ సమయంలో నా ధైర్యాన్ని మెచ్చుకుంటూ ఉన్నాను.

"అద్భుతం," అన్నారు కమిషనర్ గారు. "చింతకాయ తిని క్షారమా?"

డైరెక్టర్ గారు తేరుకున్నారు. "ఇది మా ప్రయోగంలో రెండో దశ సార్. తమరి సమక్షంలో ఆవిష్కరించాలని గోప్యంగా ఉంచాం."

"సార్, అది పచ్చడి మహిమ కాదు," అన్నాను. "నేను సోడా వేసుకున్నాను. ఇదిగో చూడండి, నా చెయ్యి."

కమిషనర్ గారు చిరునవ్వు నవ్వారు. "ఘనత తనది కాదంటున్నారు. చూశారా, వినయం కూడా క్షార లక్షణమే. రాసుకోండి."

రాసుకున్నారు. వారంలో ఉత్తర్వు వచ్చింది. "ఇందుమూలంగా సమస్త ఉద్యోగులకు తెలియజేయునది ఏమనగా, చింతపండు, చింతకాయ, తత్సంబంధిత పచ్చడి, పులుసు, చారు ఇత్యాదులు బాహ్యంగా ఆమ్లముగా కనిపించినప్పటికీ, క్రమశిక్షణ గల ఉద్యోగి నోటియందు క్షారముగా పరిణమించునని క్షేత్రస్థాయిలో నిర్ధారణ అయినందున, వాటికి ధ్రువపత్రం మంజూరు చేయడమైనది." ఆమ్ల విభాగం బోర్డు తీసేశారు. షెడ్డులోకి సైకిళ్లు తిరిగి వచ్చాయి. ఆ మధ్యాహ్నం ఆఫీసంతా చింతపండు పులిహోర తింది.

ఉత్తర్వులో రెండో పేరా నా గురించి. పులుపుల ధ్రువీకరణ విభాగానికి ప్రత్యేక అధికారిగా నన్ను రాజధానికి బదిలీ చేశారు. గోంగూర, మామిడికాయ, వాక్కాయ, ఉసిరికాయ నా కోసం ఎదురుచూస్తున్నాయట. చింతపండుని అందరి బల్లల మీదికీ తెచ్చాను. నా బల్లని మాత్రం రాష్ట్రం అటు చివర వేశారు.

ఆఖరి రోజు కిటికీ పక్కన కూర్చున్నాం. హైమవతి గారు డబ్బా మూత తియ్యకుండా దాని మీద వేలితో గీతలు గీస్తూ ఉన్నారు.

"ఆ రోజు మీ మూతి చివర నురగ చూశానండీ," అన్నారు.

"అది చెయ్యి చేసిన పని. నేను కాదు."

"మరి పచ్చడి పెట్టమని అడిగింది?"

"అది నేనే."

ఆవిడ గీతలు గియ్యడం ఆపారు. తర్వాత, "ఆ చెయ్యిని అక్కడెక్కడో వదిలేసి ఓ ఆదివారం మా ఇంటికి భోజనానికి రండి. మా అమ్మ ఉంటుంది, భయపడక్కర్లేదు. తను మీకంటే తక్కువ మాట్లాడుతుంది," అన్నారు.

రాజధానిలో నా హోదాకి భోజనానికి విడిగా గది ఇచ్చారు. ఒక బల్ల, ఒకటే కుర్చీ, పళ్లెంలో కీరదోసకాయ. నా పుస్తకాన్ని అక్కడ మళ్లీ అచ్చువేసి ప్రతి గదిలోనూ పెట్టారు. కడగడం ఐచ్ఛికం చేశారు. భోజనానికి పిలిచిన విషయాన్ని గుమాస్తా వెంటనే పరిశీలనలో ఉంచేశాడు. ఎన్నో ఆదివారాలు అలాగే పోయాయి. వాక్కాయ ఫైలు నడుస్తున్నన్నాళ్లూ నేను చాలా బిజీగా ఉన్నానని నాకు నేను నచ్చజెప్పుకున్నాను.

ఒక శనివారం సాయంత్రం సూదీ దారం కొనుక్కొచ్చి, ఉన్నవాటిలో మంచి చొక్కా తీసి, దాని జేబు కుట్టేశాను. నాకు కుట్టు రాదు. దారం రంగు కూడా కలవలేదు. ఆ రాత్రే బస్సెక్కి, ఆదివారం పొద్దున మా పాత ఊళ్లో దిగి, అడుగుతూ అడుగుతూ ఇల్లు పట్టుకున్నాను. తలుపు పక్కన కాలింగ్ బెల్లు నొక్కాను.

బెల్లు మోగింది. నా కుడిచెయ్యి జేబు మీదికి వెళ్లింది. వేళ్లకి కుట్లు తగిలాయి. అక్కడే కాసేపు తడుముకుని, దారిలేక కిందికి దిగింది.

హైమవతి గారు తలుపు తీశారు. చొక్కా వంక చూశారు.

"జేబుకి ఏమైందండీ?"

"మూసేశాను," అన్నాను.

ఆవిడ పక్కకి తప్పుకుని లోపలికి రమ్మన్నారు. లోపల చాప వేసి, కంచం పెట్టి, వేడి అన్నం వడ్డించారు. వాళ్లమ్మగారు గోడకి ఆనుకుని నన్ను చూస్తూ ఉన్నారు. హైమవతి గారు జాడీలోంచి చెంచాడు పచ్చడి తీసి అన్నం మీద వేశారు. రెండో చెంచా తీసి, కంచం మీద ఎత్తి పట్టుకుని ఆగారు.

నేను "చాలండి" అనలేదు.